అద్దం జారిన చోట

మూడో దెబ్బకు తలుపు గడియ చెక్కతో సహా ఊడి వచ్చింది.

లోపల నర్సమ్మ మంచాన్ని తలుపుకు అడ్డంగా జరిపి, దాని మీద తానే కూర్చుంది. కట్టు కట్టించుకోవడానికి వచ్చి నర్సుల మీదే చెయ్యెత్తే వాళ్ళను తను పనిచేసే ఆసుపత్రిలో చాలామందినే చూసింది. సొంత అన్న సుత్తి పట్టుకుని తన మీదికి రావడం మాత్రం ఇదే మొదలు.

"మంచం తియ్," అన్నాడు పెద్దోడు.

"తియ్యను."

"అమ్మ వచ్చేస్తుంది. కళ్ళ డాక్టరు దగ్గర గంటకంటే ఎక్కువ పట్టదు. తియ్ ముందు."

"అమ్మ వస్తుందనే తియ్యడం లేదు."

ఆమె వెనక బల్ల మీద పెట్టె ఉంది. పెట్టె అని ఇంట్లో వాళ్ళు పెట్టుకున్న పేరే గానీ, అదొక తెర, దాని నెత్తిన గుండీ అంత కెమెరా. తెరలో చిన్నోడు నవ్వుతున్నాడు. పోయి ఐదు నెలలైనా తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరు పలకరిస్తారా అని చూస్తున్నాడు.

బతికుండగా ఒక్కనాడు తలుపు చప్పుడు కాకుండా వేసిన పాపాన పోలేదు వాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే "అమ్మా, మందు వేసుకున్నావా" అని అడుగుతున్నాడు. సిగరెట్టు వాసన అసలు పడదంటున్నాడు. చనిపోయిన తమ్ముడి గురించి చెడ్డ మాట చెప్పడానికి నోరు రాక నర్సమ్మే పెట్టెకు అలా చెప్పింది. అది అలాగే నమ్మింది.

పెట్టె పని తీరే అంత. ఫోన్లో ఉన్న వీడియోలూ గొంతులూ కంపెనీ మనిషి అందులో పోశాడు. మిగతాది ఇంట్లో వాళ్ళు ఒక్కొక్కరే ఎదురుగా కూర్చుని చెప్పాలి. "మీరు ఏది చెబితే అది ఆయనకు గుర్తుంటుంది. తర్వాత ఎవరడిగినా చెబుతారు," అన్నాడతను. ఆ ముక్క అంటున్నప్పుడు పెద్దోడు గదిలో లేడు. చచ్చినవాణ్ణి టీవీలో పెట్టుకుంటారా అని విసురుగా బయటికి పోయాడు.

అలా బయటికి పోయిన పెద్దోడు పోయినట్టే ఉంటే బాగుండేది. రెండు వారాల కిందట ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చి, ఈ గది తలుపు వేసుకుని, తెర ముందు కూర్చుని తమ్ముడికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఎందుకో కూడా మొత్తం చెప్పుకున్నాడు. అంత ఏడుపు తమ్ముడి చావు రోజున కూడా ఏడవలేదు.

ఈ పొద్దున నర్సమ్మ జడ వేసుకుంటూ, మాట వరసకు పెట్టెను అడిగింది, "అన్నయ్య నీతో మాట్లాడాడా ఎప్పుడైనా?" అని. చిన్నోడు నవ్వుతూనే అంతా చెప్పాడు. దువ్వెన ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"అది నాకూ వాడికీ మధ్య మాట," అన్నాడు పెద్దోడు, మంచాన్ని కాలితో తోస్తూ. "దాంట్లోంచి ఆ ఒక్క ముక్క చెరిపించమని కంపెనీకి ఫోన్ చేశాను. అలా ముక్కలు ముక్కలుగా చెరగదట. పోతే మొత్తం పోతుందట."

"అమ్మ పొద్దున లేవడమే దానికోసం లేస్తోంది. మొత్తం పోతే అమ్మ ఏమైపోతుంది?"

"వింటే ఏమైపోతుంది?"

దానికి జవాబును నర్సమ్మ పొద్దుటి నుంచి వెతుకుతూనే ఉంది.

"అందుకే నిన్నే చెప్పమంటున్నాను," అంది చివరికి. "నీ నోటితో చెప్పు. కొడుతుంది, తిడుతుంది, నెల రోజులు నీ మొహం చూడదు. అయినా నీ నోట విన్నట్టుంటుంది."

"నీకేం, చెప్పేస్తావు. అద్దం మోసింది నువ్వా?"

"చచ్చేటప్పుడు వాడి తొడ మీద ఈ రెండు చేతులూ పెట్టి నొక్కింది నేను. రక్తం వేళ్ళ సందుల్లోంచి పోతూనే ఉంది. నాకు చెప్పకు."

పెద్దోడు మంచాన్ని ఎత్తి పక్కకు తోశాడు. దాని మీద కూర్చున్న చెల్లెలు గోడకు కొట్టుకుంది. లేచి, బల్లకు అడ్డంగా నిలబడింది. జుట్టు పట్టుకుని లాగాడు. అలమర మూలకు నుదురు తగిలి చిట్లింది. ఆమె ఊరుకునే మనిషి కాదు. చేతికందిన స్టీలు స్టూలు ఎత్తి అన్న భుజం మీద ఒకటి, తల మీద ఒకటి వేసింది. అతను తూలి, ఆమె మెడ పట్టుకుని తలుపు వైపు ఈడ్చాడు. ఆమె అతని ముంజేతిని కొరికి పట్టింది. నోట్లోకి ఉప్పగా తగిలినా వదల్లేదు.

చిన్నప్పుడు ఈ ముగ్గురూ ఇదే గదిలో దిండ్లతో కొట్టుకునేవాళ్ళు. ఇద్దరు కొట్టుకుంటుంటే మూడోవాడు మంచమెక్కి లెక్క పెట్టేవాడు.

"అన్నయ్యా, మళ్ళీ కొడుతున్నావా?"

అన్నది చిన్నోడే. తెరలోంచి, మామూలు గొంతుతో.

ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

"ఆ స్నానాలగది అద్దం అంగుళం తక్కువ కోసినందుకు నన్ను కొట్టావుగా, కొనడానికి వచ్చిన పెద్దాయన ముందు. అది చాలదా?" అన్నాడు చిన్నోడు. "నువ్వు నాతో మాట్లాడి పదకొండు రోజులైంది."

చిన్నోడు పోవడానికి ముందటి ఆ పదకొండు రోజుల సంగతి వాళ్ళ అద్దాల వర్క్‌షాపులో అందరికీ తెలుసు. ఒకే అద్దానికి చెరో వైపు పట్టుకుని, 'మా అన్నకు చెప్పు', 'మా తమ్ముడికి చెప్పు' అని మధ్యలో నిలబడ్డ పనివాళ్ళ చేత కబుర్లు పంపుకున్నారు అన్నదమ్ములు. గడ్డం ఎగరేస్తే ఎత్తమని, తల అడ్డంగా ఊపితే ఆగమని. ముందు నోరు తెరిచినవాడు తగ్గినట్టు లెక్క. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే మరి, ఎవడూ తగ్గలేదు.

"నోరు ముయ్," అన్నాడు పెద్దోడు తెరతో. "నోరు ముయ్యరా."

"నువ్వు మాట్లాడితే నాకు బాగుంది అన్నయ్యా."

సుత్తి ఎప్పుడో కింద పడిపోయింది. పెద్దోడు ఉత్త అరచేత్తోనే కొట్టాడు. తెర మధ్యలో పగిలింది. రెండోసారి కొట్టేసరికి చిన్నోడి మొహం చీలికలై, మిణుకుమిణుకుమని, నల్లగా ఆరిపోయింది. పెద్దోడి అరచేతిలో గాజు ముక్క దిగబడింది. ముప్పై ఏళ్ళుగా అద్దాలు కోసే చెయ్యి, ఇంత లోతు తెగడం ఇదే మొదటిసారి.

అతను అలాగే కూలబడి చేతిని చూసుకుంటూ ఉండిపోయాడు. నర్సమ్మ నుదుటి మీది రక్తం కొంగుతో తుడుచుకుని, అలమరలోంచి దూదీ కట్టుగుడ్డా తీసింది. ఇందాక స్టూలుతో తల పగలగొట్టిన మనిషికే వంగి కూర్చుని చేతిలోంచి గాజు ముక్క పీకింది. అలవాటు అలాంటిది.

"నాలుగు కుట్లు పడతాయి," అంది.

"నేను కొట్టిన పాలిష్ మేస్త్రీకి ఎన్ని కుట్లు వేశారు?" అడిగాడు అతను నేల చూస్తూ.

"కుట్లు కాదు. చెవి గూబ పగిలింది. ప్రతి మంగళవారం వస్తాడు శుభ్రం చేయించుకోవడానికి. వచ్చినప్పుడల్లా నాకే దణ్ణం పెడతాడు. 'అమ్మగారికి చెప్పండి, మిషన్ చప్పుడులో నిజంగా నాకేమీ వినబడలేదు, తప్పు నాదే' అంటాడు. వాడు నమ్మేశాడు అన్నయ్యా, తమ్ముణ్ణి తనే చంపానని."

అద్దం జారి చిన్నోడు పోయిన ఆ రోజు తాను గొంతు చించుకుని అరిచానని, పక్కనే అద్దాల అంచులు నున్నగా చేసే పాలిష్ మిషన్ హోరులో తమ్ముడికి వినబడలేదని, ఆపమంటే ఆ మేస్త్రీ ఆపలేదని పెద్దోడు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, ఇనుప గొట్టం తీసుకుని ఆ మనిషిని వీధిలో పడేసి కొట్టాడు. అమ్మ చెప్పు తీసి ఆ మేస్త్రీ మొహాన కొట్టింది.

కట్టు ఒక చుట్టు కూడా పూర్తి కాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

వదిన అమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి తెచ్చింది. అమ్మకు నల్ల కళ్ళద్దాలు పెట్టి ఉన్నాయి. ఊడిన గడియనూ, భర్త చేతినీ, ఆడపడుచు నుదుటినీ చూసి వదిన గోడకు ఆనుకుంది.

"ఏంటే ఆగిపోయావు?" అంది అమ్మ. "కళ్ళలో ఏదో మందు వేశారు, సాయంత్రం దాకా అంతా మసకే. ఎవరున్నారు గదిలో?"

అమ్మ పెట్టె ఉన్న బల్ల వైపు తల తిప్పింది.

"చిన్నోడా, ఎవర్రా?"

"అక్కా, అన్నయ్యా ఉన్నారమ్మా," అన్నాడు చిన్నోడు. మొహం పోయింది గానీ గొంతుకూ కెమెరాకూ ఏమీ కాలేదు. "మందు వేసుకున్నావా?"

"వేశారు. వీళ్ళు మాట్లాడరేం? ఈ రక్తం వాసనేంటి?"

"కొట్టుకున్నారమ్మా. నా గురించేమో."

"నీ గురించి కొట్టుకోవడానికి ఇంకేం మిగిలిందిరా?"

నర్సమ్మ అన్న భుజం పట్టుకుని కుదిపింది. "అన్నయ్యా, నువ్వు చెప్పు," అంది లోగొంతుతో. "దాని చేత చెప్పించకు. నీకు దణ్ణం పెడతాను, నువ్వు చెప్పు."

పెద్దోడు నోరు తెరిచాడు. అమ్మ తల అతని వైపు తిప్పింది. నల్ల కళ్ళద్దాల వెనక కళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. అతని పెదవులు కదిలాయి.  

"ఆ రోజు అన్నయ్య అరవలేదమ్మా," అన్నాడు చిన్నోడు.

మందు వేసుకున్నావా అని అడిగిన గొంతే. అంతే మెత్తగా.

"అద్దం జారింది. 'వదులు' అని అరవాలి కదా. అరిస్తే నాతో ముందు మాట్లాడినట్టవుతుందని నోరు నొక్కుకున్నాడు. అర క్షణమే అమ్మా. తర్వాత చేతులు వదిలేసి వెనక్కి దూకాడు. నాకు తెలియలేదు. నేను పట్టుకునే ఉన్నాను."

అద్దాల పని చేసేవాళ్ళు మొదటి రోజు నేర్చుకునే పాఠం అదొక్కటే. జారితే పట్టుకోవాలని చూడకూడదు. 'వదులు' అని అరవాలి. ఇద్దరూ ఒకేసారి వదిలి వెనక్కి దూకాలి. ఒకడు వదిలి ఇంకొకడు పట్టుకుని ఉంటే, అద్దం పట్టుకున్నవాడి మీదికే తిరుగుతుంది. ఆ పాఠం ఇద్దరు కొడుకులకూ నేర్పింది అమ్మే. భర్తతో కలిసి పాతికేళ్ళు అద్దాలు మోసిన మనిషి.

 వదిన ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిజమేనా?" అంది అమ్మ.

"నిజమే," అన్నాడు పెద్దోడు.

అమ్మ వదిన చెయ్యి విడిపించుకుంది. మాట వచ్చిన వైపు రెండడుగులు వేసి చెయ్యి విసిరింది. మొదటి దెబ్బ గురి తప్పి అలమరకు తగిలింది. రెండోది చెంపకు తగిలింది. తర్వాత లెక్క లేదు. తల మీద, మెడ మీద, వీపు మీద, రెండు చేతులతో, అరవై ఏళ్ళ మనిషి ఒంట్లో ఇంత బలం ఎక్కడ దాగి ఉందో అన్నట్టు కొట్టింది. ఒక్క తిట్టు తిట్టలేదు. పెద్దోడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"అత్తయ్యా, చాలు. చచ్చిపోతాడు అత్తయ్యా," అని వదిన నడుం పట్టుకుని లాగింది.

అమ్మ ఆగి, ఊపిరి తీసుకుంది. "నేను ఆ మేస్త్రీ మొహాన చెప్పుతో కొట్టాను," అంది. "వాడి పిల్లల ముందు."

వదిన ఆమె నడుం వదిలేసింది.

"అమ్మా, ఆయాసపడకు," అన్నాడు చిన్నోడు పెట్టెలోంచి.

"ఉండరా," అంది అమ్మ అటు తిరిగి, ఎంతో ప్రేమగా. మళ్ళీ పెద్దోడి వైపు తిరిగింది. "లే. కిందికి రా."

ఇంటి కిందే వర్క్‌షాపు. వారపు సెలవు కాబట్టి పనివాళ్ళు లేరు. చెక్క స్టాండ్లకు ఆనించి అద్దాలు వరసగా నిలబడి ఉన్నాయి. పాలిష్ మిషన్ మీద ఐదు నెలలుగా గోనెపట్టా కప్పి ఉంది. అమ్మ గోడ పట్టుకోకుండా, ఎక్కడా తడబడకుండా నడిచింది. ఆ గదిలో ఆమెకు కళ్ళతో పని లేదు.

"ఆ రోజు జారిన దాని అంత అద్దం ఒకటి ఉందా?"

"అమ్మా, ఎందుకిప్పుడు."

"ఉందా లేదా?"

"ఉంది."

"అటు పట్టు."

నర్సమ్మకు అప్పుడు అర్థమైంది. పరుగున వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీకు కళ్ళు కనబడటం లేదు. అన్నయ్య చెయ్యి తెగింది, కట్టు కూడా సరిగా కట్టలేదు. నువ్వు పైకి రా."

"నువ్వు తప్పుకో. ఇంకో అడుగు వేశావంటే నీకూ పడతాయి." అమ్మ కూతుర్ని మోచేత్తో తోసింది. చేతి తొడుగుల వైపు వెళ్ళలేదు. చిన్నోడు పట్టుకునే వైపుకు వెళ్ళి, ఒక చెయ్యి కింది అంచుకూ ఇంకో చెయ్యి పక్క అంచుకూ వేసింది. "పట్టు, చెప్పాను కదా."

పెద్దోడు పట్టుకున్నాడు. ఇంకేం చెయ్యాలో అతనికి తోచలేదు.

అవతలి మనిషి కనబడే మనిషెత్తు అద్దం నేల మీంచి లేచింది. అద్దానికి ఇవతల కొడుకు, అవతల తల్లి. అమ్మ పట్టు సరిగ్గా ఉంది. పెద్దోడి కట్టు విడిపోయి, అరచేతి రక్తం అద్దం అంచు వెంట సన్నగా కిందికి దిగుతోంది.

"ఎక్కడ జారింది?"

"ఇంకా ముందుకి. మిషన్ పక్కన."

"నడువు."

నడిచారు. వదిన మెట్ల మీదే కూర్చుండిపోయింది. నర్సమ్మ గోడకు ఆనుకుని, ఒక్కో అడుగూ లెక్కపెడుతోంది. వెళ్ళి పట్టుకుంటే బరువు మారి ఇద్దరి మీదా పడుతుంది. పట్టుకోకపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు.

"ఇక్కడే," అన్నాడు పెద్దోడు.  "అమ్మా, దించేద్దాం. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"వాడు నీ మొహం చూస్తూనే ఉండి ఉంటాడురా," అంది అమ్మ అద్దం అవతలి నుంచి. "ఇప్పుడు మాట్లాడతాడు అన్నయ్య, ఇప్పుడు మాట్లాడతాడు అని. పదకొండు రోజులూ వాడు పడుకునే ముందు నన్ను అడిగేవాడు, అన్నయ్యకు కోపం తగ్గిందా అని. నేనేమో మీరే చూసుకోండి అన్నాను. నేనూ నోరు నొక్కుకున్నాను."

పెద్దోడు ఏడుస్తున్నాడు. ఏడుపుకు ఒళ్ళు కదులుతోంది, ఒంటితో పాటు అద్దం కదులుతోంది. కింది అంచు పట్టుకున్న చెయ్యి రక్తంతో తడిసింది. వేళ్ళు బిగించాడు. బిగించిన కొద్దీ నున్నగా జారాయి. అద్దం ఒక్కసారి పక్కకు ఒరిగింది.

ఈసారి అతను అర క్షణం కూడా ఆగలేదు.

"వదులు," అని అరిచాడు. వర్క్‌షాపులో ప్రతి అద్దమూ గలగలమంది. "వదులమ్మా, వదులు."

అమ్మ ముఖం అద్దంలోంచి అతనికి స్పష్టంగా కనబడుతోంది. నల్ల కళ్ళద్దాల కిందుగా నీళ్ళు కారుతున్నాయి.

"వినబడింది," అంది అమ్మ.

ఆమె వేళ్ళు మాత్రం అంచు మీద అలాగే ఉన్నాయి.